తుఫాను రిహార్సలు

ఆ రోజుల్లో దేవుణ్ణి గురించి ఎవరేమడిగినా నా దగ్గర జవాబు తయారుగా ఉండేది. ఇప్పుడెవరైనా అడిగితే కాసేపు ఆలోచించి, "కాఫీ తాగుతారా" అంటాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. నెల్లూరులో టీచరు ట్రైనింగు పూర్తయి, ఉద్యోగం ఇంకా చేతికి రాక, ఆ మధ్యలో ఉండే రెండు మూడు నెలల్లో మనిషికి ఎంత తెలివి ఉండగలదో అంతా నా దగ్గర ఉండేది. అరవైల తొలి సంవత్సరాలవి. వేసవి సెలవుల్లో మిషను వాళ్ళు పల్లెల్లో పిల్లలకు పది రోజుల బైబిలు బడి పెట్టించేవారు. పాటలు, కథలు, ఆటలు, మధ్యలో గుగ్గిళ్ళు. ఒక్కో ఏడు ఒక్కో పాఠం. ఆ ఏటి పాఠం దేవుని మీద నమ్మకం. అది చెప్పడానికి నన్ను మించినవాళ్ళు లేరు కనకే నన్ను పిలిచారనుకున్నాను. ఆ ఎండల్లో ఆ ఊరు పోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

ఆ ఊరు కృష్ణపట్నానికి ఈవల, బకింగ్‌హాం కాలువ గట్టు మీద ఉంది. ముత్తుకూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఎడ్లబండి. బండి కాలువ పక్కన పోతున్నంతసేపూ నేను రెండో వైపు తిరిగి కూర్చున్నాను. నాకు నీళ్ళంటే భయం. (మా అమ్మమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీ మీద కూర్చునే మనిషే అయినా, నాకు నీళ్ళగండం ఉందని ఎవరో చెప్పిన మాటను మాత్రం చివరిదాకా వదల్లేదు. పెన్నలో నాకు బాప్తిస్మమిచ్చిన రోజు, నన్ను ముంచబోయిన పాస్టరు గారి మెడ పట్టుకుని నేనే ఆయన్ని ముంచేశాను. ఆ ఉదయం బాప్తిస్మం పొందినవాళ్ళ లెక్కలో ఆయన్ని కూడా కలపాలని మా వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు.)

చర్చి ఒక తాటాకు పాక. దాని పక్కన ఇంకో పాకలో ఊరి పాస్టరు గారూ, ఆయన భార్యా, నలుగురు పిల్లలూ ఉండేవారు. ఆయన్ని అందరూ అయ్యగారు అనేవారు. నా బస వాళ్ళింట్లోనే. సంఘంలో పెద్ద ఒకాయన ఉండేవాడు, డెబ్బై దాటినవాడు. ప్రార్థనలో ఎవరు ఏ మాట అన్నా, వాక్యం ఇంకా పూర్తికాకముందే గుడిసె కప్పు లేచేట్టు ఆమేన్ అనడం వల్ల పిల్లలు ఆయనకు ఆమేన్ తాత అని పేరు పెట్టారు. పిల్లలు ముప్పై మంది దాకా వచ్చారు. సగం మంది సంఘంలోని కుటుంబాల వాళ్ళు. మిగతా సగం ఊరి చివర, చేపలు పట్టేవాళ్ళ పాళెం నుంచి ఆటల కోసమూ గుగ్గిళ్ళ కోసమూ వచ్చిన హిందువుల పిల్లలు. వాళ్ళందరికీ నాయకురాలు ఒక పన్నెండేళ్ళ పిల్ల. ఇంట్లో ఆమె తర్వాత పుట్టినవాళ్ళు అయిదుగురు ఉండడంతో ఊరంతా ఆమెను చిన్నక్క అనే పిలిచేది. మోకాళ్ళ దాకా పరికిణీ, నడుం దాకా జడ, ఎప్పుడూ చంకలో ఎవరో ఒక తమ్ముడు.

రెండో రోజు చిన్నక్క వాళ్ళమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకునే వచ్చి నా ముందు నిలబడింది.

"మా పిల్లకి ఏం నేర్పిస్తా ఉండారమ్మా?"

"నమ్మకం" అన్నాను గంభీరంగా.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "మాకు లేదనా?"

దానికి ట్రైనింగులో జవాబు చెప్పలేదు. నేను తడుముకుంటుంటే ఆమే నవ్వింది. "ఆడుకోనీలే. ఇంట్లో ఎట్టాగూ దానికి ఆట లేదు. కాలవలో మాత్రం దింపబాకండి. మీకు ఈత రాదని బండాయన చెప్పినాడు."

అప్పటికే ఆ సంగతి ఊరంతా పాకిందన్నమాట.

కథలు చెప్పడానికి నేను ఒక ఫ్లానెల్ గుడ్డ అతికించిన పలక, దాని మీద అంటుకునే కాగితపు బొమ్మలు తెచ్చుకున్నాను. నెల్లూరు తరగతి గదిలో అవి ముద్దుగా అంటుకునేవి. ఇక్కడ సముద్రపు గాలికి మొదటి రోజే ముగ్గురు శిష్యులు ఎగిరి కంపలో పడ్డారు. రెండో రోజు గాడిద పోయింది. మూడో రోజు పలకే పడిపోయింది. పిల్లలు బొమ్మల వెంట పరిగెత్తడంలో చూపించిన ఉత్సాహం కథలో చూపించలేదు. అందుకని బొమ్మలు పెట్టెలో పడేసి ఆటల్లోకి దిగాను. ఒకరి కళ్ళకు గంతలు కట్టి, ఇంకొకరు దూరంగా నిలబడి "ఎడమకి రా, రెండడుగులు వెయ్యి, ఆగు" అని నోటిమాటతో నడిపించాలి. దేవుడు కనిపించకపోయినా ఆయన మాట నమ్మి నడవడం అలాంటిదని చివర్లో నేను చెప్తాను. ఆట బాగా నడిచింది, ఒక బొద్దు పిల్లవాడు గంతలతో సూటిగా పోయి, అప్పుడే లోపలికి వస్తున్న ఆమేన్ తాతను గుంజ అనుకుని రెండు చేతులతో వాటేసుకునేదాకా.

"అమ్మాయ్" అన్నాడు తాత, ఆ పిల్లవాణ్ణి విడిపించుకుంటూ. "దేవుడి మాట చెప్పమని పంపిస్తే దాగుడుమూతలు ఆడిస్తా ఉండావే. మా కాలంలో వాక్యం కంఠతా పట్టేవాళ్ళం, తప్పితే తొడపాశం. నమ్మకం అట్టా వచ్చింది మాకు."

ఆ సాయంత్రం అయ్యగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. "మీ ఆటలు నాకు బాగానే ఉండాయమ్మా. పాళెం పిల్లలు చర్చి గుమ్మం తొక్కింది ఇదే మొదలు. కానీ పెద్దాయన మిషనుకి ఉత్తరం రాస్తానంటున్నాడు. పదోరోజు అందరి తల్లిదండ్రులూ వస్తారు. వాళ్ళు బాగుందంటే వచ్చే ఏడు కూడా బడి. లేదంటే నేను చేసేదేమీ లేదు."

అంతే, ఆ పదోరోజు ఊరు చిరకాలం గుర్తుపెట్టుకునే నాటకం వేయించాలని నిశ్చయించుకున్నాను. తుఫానులో చిక్కిన పడవ కథ. శిష్యులు భయపడి గగ్గోలు పెడుతుంటే ప్రభువు పడవ వెనక భాగంలో నిద్రపోతుంటాడు. లేపితే లేచి గాలినీ అలల్నీ ఊరుకోమంటాడు. సముద్రం పక్కన ఉన్న ఊరికి ఇంతకన్నా తగిన కథ ఏముంది? పైగా కాలువ గట్టున ఒక పడవ కట్టేసి ఉంది, సరుగుడు కట్టెలు మద్రాసుకు తీసుకుపోయేది. ఖాళీగా ఉంది. దాని యజమాని బంధువుల పెళ్ళికి పోతూ, "తాడు ముట్టుకోకుండా ఏమన్నా చేసుకోండి" అని ఒప్పుకున్నాడు. మా మీద ఉన్న నమ్మకంతో పడవ నడిపే గడకర్రలు మాత్రం ఇంట్లో పెట్టి తాళం వేసుకుపోయాడు.

వేషాలు పంచేటప్పుడు చిక్కొచ్చింది. మగపిల్లలందరూ తుఫానుగా ఉంటామన్నారు. ప్రభువుగా ఉంటానన్నవాడు ఒక్కడూ లేడు. కదలకుండా పడుకోవాలంటే ఎవరికి మాత్రం ఇష్టం? చివరికి అయ్యగారి చిన్న కూతురు, అయిదేళ్ళ పాప, ఆ పనికి ఒప్పుకుంది. ఆ పిల్ల ఎక్కడైనా నిద్రపోగలదు. (ప్రతి ఆదివారం వాళ్ళ నాన్న ప్రసంగంలో సాధన ఉండేది.) ఆమేన్ తాత అభ్యంతరం చెప్పాడు.

"ఆడబిడ్డని ప్రభువుగా పెడతావా?"

"దుప్పటి కప్పుతాం తాతా, తెలియదు."

"లేచి మాట్లాడాల గదా?"

"రెండే మాటలు."

ఆ రెండు మాటలు కూడా పాప తన పద్ధతిలోనే చెప్పేది. గాలినీ సముద్రాన్నీ గద్దించమంటే, ఏడ్చే పసిబిడ్డను జోకొట్టినట్టు "ఊరుకో ఊరుకో, తప్పు" అనేది. నేను దిద్దడం మానుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, పడవలో రిహార్సలు. మగవాళ్ళు చేపల వేటకు పోయి ఇంకా రాలేదు. ఆడవాళ్ళు చేపలమ్మడానికి పోయారు. గట్టు మీద ఉన్న పెద్దమనిషి ఆమేన్ తాత ఒక్కడే, గొడుగు వేసుకుని, ఉత్తరంలో ఏం రాయాలా అని చూస్తున్నాడు. పడవలో ఒక మూల పాప దుప్పటి కింద పడుకుంది. మధ్యలో ఆరుగురు శిష్యులు, వాళ్ళ పెద్దగా చిన్నక్క. నేను ఒక చాప అడ్డం పెట్టుకుని దాని వెనక కూర్చున్నాను, మాటలు మర్చిపోతే అందించడానికి. (పడవ ఎక్కడానికి నాకు పావుగంట పట్టింది. కట్టేసిన పడవే కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.) తుఫాను గట్టు మీదే ఉంది, పది మంది మగపిల్లలు. నేను చెయ్యి ఊపగానే వాళ్ళు నోటితో గాలి ఊదాలి, నీళ్ళు చల్లాలి, పడవ అంచు పట్టుకుని ఊపాలి. "బాగా ఊపండి, నిజం తుఫాను లాగుండాలి" అని చెప్పింది నేనే. ఆ మాట నేను ఎవరిమీదా తోసేయలేను.

వాళ్ళు బాగా ఊపారు. ఎంత బాగా అంటే, తాడు కట్టిన గూటం తడిసిన మట్టిలోంచి మెత్తగా ఊడి వచ్చేసింది. పడవ గట్టు వదిలింది. చాప వెనకున్న నాకు ఇదేమీ తెలియదు. శిష్యులు గగ్గోలు పెడుతున్నారు, అద్భుతంగా ఉంది. గట్టు మీంచి "భలే, పడవ కూడా కదిలించినారే, ఆమేన్" అని తాత గొంతు వినిపించింది. ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి కనక నేను పొంగిపోయాను. ఆ మెప్పు ఎంత దూరంలోంచి వస్తోందో గమనించలేదు. చాప మీంచి తల ఎత్తి చూసేసరికి గట్టు మీద తాటిచెట్లు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి.

"ఎవరూ కదలొద్దు" అని అరిచాను. ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, పడవలో ఉన్నవాళ్ళలో ఏమైనా చేయగలిగిన ఒక్క మనిషి జడ పట్టుకోవడం. చిన్నక్క అప్పటికే పరికిణీ ఎగ్గట్టి అంచు మీద కాలు పెట్టింది. నేను రెండు చేతులా జడ పట్టి వెనక్కి లాగాను. ఆ పిల్లకు ఏమన్నా అయితే వాళ్ళమ్మకు ఏం చెప్పాలి? తుఫాను వేషగాళ్ళు గట్టు వెంట నవ్వుతూ పరిగెత్తి, ముళ్ళకంప అడ్డం వచ్చి ఆగిపోయారు. శిష్యులు ఇంకా నాటకంలోనే ఉన్నారో ఏమో, పోయి ప్రభువును కుదిపి కుదిపి లేపారు. పాప అటు తిరిగి, "అన్నం తినేసినా" అని మళ్ళీ పడుకుంది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ఇకమీదట చెయ్యబోయే మంచిపనులన్నీ దేవుడికి ఒప్పజెప్తున్నాను.

"టీచరమ్మా, జడ వదలండి" అంది చిన్నక్క. గొంతులో కంగారు లేదు. "ఈడ నడుముల్లోతే. నేను దిగి పట్టుకుంటా."

"నీకెట్లా తెలుసు?"

"దినామూ ఈడనే గదా రొయ్యలు పట్టేది." అని ముందుకు చూపించింది. కాలువ అక్కడ వంపు తిరుగుతోంది. "ఆ మలుపు దాటితే ఏట్లో కలుస్తాది. ఆడ లోతు, నాకూ అందదు. నీళ్ళు సముద్రం దిక్కు లాగతా ఉండాయి టీచరమ్మా. తొందరగా దిగాల. నేనొక్కదాన్నే పడవని ఆపలేను. మీరు కూడా దిగండి."

నేను మలుపు వైపు చూశాను. ఆరుగురు పిల్లల్ని చూశాను. వాళ్ళ కళ్ళలో ఇప్పుడు నాటకం లేదు. చిన్నవాడొకడు నా కొంగు పట్టుకుని ఉన్నాడు. తొమ్మిది రోజులుగా నమ్మకం గురించి నేను మాట్లాడని గంట లేదు. అదంతా ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో తెలియదు. రెండు చేతులా పడవ అంచు పట్టుకున్నాను.

"నాకు రాదే చిన్నక్కా" అన్నాను. ఒక పిల్ల ముందు టీచరు అనకూడని మాట.

"వచ్చేదానికి ఏముంది టీచరమ్మా, నిలబడేదే గదా. కండ్లు మూసుకోండి, నేను చెప్తా" అని తను దూకేసింది. నీళ్ళు నిజంగానే ఆమె నడుం దాటలేదు. పడవ అంచు పట్టుకుని వెనక్కి వాలి, పళ్ళు బిగించి, "ఎడంకాలు బైటికి ఎయ్యండి. ఇంకొంచెం. ఇప్పుడు వదిలేయండి" అంది.

వదిలేశాను. ఒక్క క్షణం నా కింద ఏమీ లేదు. తర్వాత చల్లటి మెత్తటి బురద వచ్చి నా పాదాల్ని పట్టుకుంది. కళ్ళు తెరిస్తే నేను కాలువ మధ్యలో నిలబడి ఉన్నాను, నడుం పైన పొడిగా. అప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇన్నేళ్ళలో మళ్ళీ దేనికీ కలగలేదు. ఆశ్చర్యపడే తీరిక చిన్నక్క ఇవ్వలేదు. "లాగండి టీచరమ్మా, చూస్తా ఉండారేంది" అంది. లాగాను. చీర బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంది, చెప్పులు బురదకే ఇచ్చేశాను. ఇద్దరం భుజాలు ఆనించి తోస్తే పడవ మొదట మా మాట వినలేదు, తర్వాత నెమ్మదిగా ముక్కు తిప్పింది. మలుపుకు ఇంకా నాలుగైదు తాటిచెట్ల దూరం ఉండగా గట్టుకు తగిలింది.

అదే సమయానికి ముళ్ళకంపలోంచి ఆమేన్ తాత బయటపడ్డాడు. పంచె చిరిగి పేలికలైంది, చేతుల మీద గీరుకుపోయి రక్తం, గొడుగు ఎక్కడో పోయింది. తిన్నగా నీళ్ళలోకి దిగి వచ్చి పిల్లల తలల మీద ఒక్కొక్కరినే చెయ్యి పెట్టి తడిమాడు. "ఒకటి, రెండు..." ఆరుగురూ సరిపోయారు. "పాప యాడ?" అన్నాడు. నేను దుప్పటి ఎత్తి చూపించాను. పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. తాత గట్టు మీద కూలబడి మొహం తుడుచుకున్నాడు. తిడతాడని నేను తల వంచుకుని నిలబడ్డాను.

"కూర్చో అమ్మాయ్, వణకతా ఉండావు" అన్నాడు.

అయ్యగారికి జరిగిందంతా నేనే చెప్పాను, గూటం సంగతీ, ఊపమన్న సంగతీ, జడ సంగతీ. ఆయన పాపను భుజాన వేసుకుని ఇంట్లోకి పోయారు. అది తిట్టినదానికంటే కష్టంగా ఉంది. పొద్దు వాలుతుండగా చిన్నక్క వాళ్ళమ్మ ఖాళీ బుట్టతో వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. బడి పోయింది, రాబోయే ఉద్యోగమూ పోయింది, ఆమె ఏమన్నా పడాల్సిందేననుకున్నాను.

"దింపబాకండి అంటే మీరే దిగినారంట."

"తప్పయింది. క్షమించండి."

"మా పిల్ల దిగమంటే దిగినారంట గదా, నిజమేనా?"

"నిజమే."

ఆమె బుట్ట దించి పక్కన కూర్చుంది. "దాని మాట ఇంట్లో ఎవురూ ఇనరమ్మా" అంది. "వాళ్ళ నాయనా ఇనడు, నేనూ ఇనను. పొద్దన్నించీ పని చెప్పేదే. ఒక టీచరు ఇన్నాదని అది ఇంటికొచ్చి పదిసార్లు చెప్పింది." తర్వాత లేస్తూ, "రేపు పాళెంలో అందరం వస్తాం. పడవలో మాత్రం వద్దు" అంది.

పదోరోజు నాటకం చర్చి ముందు ఇసుకలో, తిరగేసిన నులకమంచం మీద జరిగింది. తుఫానుకు బలం చాలదని ఆమేన్ తాత తనే వచ్చి పిల్లల మధ్య నిలబడి, ఆ వయసులో బుగ్గలు పూరించి ఊదాడు. మంచం ఒక కోడు విరిగింది. పాపకు మాత్రం ఆ రోజు నిద్ర రాలేదు. దుప్పటి కింద నుంచి వాళ్ళమ్మకు చెయ్యి ఊపుతూ ఉండిపోయింది. లేవాల్సినప్పుడు లేచి "ఊరుకో ఊరుకో, తప్పు" అంటే, తాత మొదట ఊరుకున్నాడు, తర్వాత ఊరంతా నవ్వింది. ఆయన ఉత్తరం రాయలేదు.

ఉత్తరం రాసింది నేను. పది రోజుల పని గురించి మిషనుకు నివేదిక పంపాలి. అందులో, "ఈ ప్రాంతపు బాలబాలికలకు దైవమునందలి నమ్మకమును సంపూర్ణముగా బోధించడమైనది" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అయ్యగారు చదివి, "పడవ సంగతి లేదేమ్మా?" అన్నారు. "అది పాఠంలో లేదు కదండీ" అన్నాను. ఆయన నవ్వు ఆపుకుని, అడుగున తన చేత్తో ఒక వాక్యం కలిపారు: 'ఈ అమ్మాయిని వచ్చే ఏడు కూడా పంపవలెను. ఈమెకు ఈత నేర్పు బాధ్యత మా ఊరి పిల్లలు తీసుకున్నారు.'

మరుసటి ఏటికి నాకు బళ్ళో ఉద్యోగం వచ్చింది. అయినా వేసవికి మళ్ళీ ఆ ఊరే వెళ్ళాను. రోజూ పొద్దున్నే, పిల్లలు రాకముందు, చిన్నక్క నన్ను కాలువలో వెల్లకిలా పడుకోబెట్టి, నా వీపు కింద అరచెయ్యి పెట్టి, "పట్టుకునే ఉండా టీచరమ్మా, పైకి చూడండి" అనేది. నేను పైన తెల్లటి ఆకాశాన్ని చూస్తూ తేలుతూ ఉండేదాన్ని. అయిదో రోజో ఆరో రోజో ఎందుకో పక్కకి తిరిగి చూశాను. చిన్నక్క గట్టు మీద కూర్చుని చింతకాయ కొరుకుతోంది. చూసిన మరుక్షణం మునిగాను.

లేచి, ముక్కులో నీళ్ళు చీదుకుంటూ, "చెయ్యి ఎప్పుడు తీసేశావే?" అని అడిగాను.

"నిన్నటి నించీ పెట్టడం లే టీచరమ్మా."

ఆ పూటంతా నేను ఆమెతో మాట్లాడలేదు. ఇరవయ్యేళ్ళ వయసులో అలాంటి రోషాలు ఉంటాయి. ఇప్పుడైతే మాటా పలుకూ లేకుండా మళ్ళీ వెల్లకిలా పడుకుని, పక్కకి చూడకుండా ఉండడానికి ఇంకొకసారి ప్రయత్నించేదాన్ని.